ఇరవయ్యో వంతు చేతక్

హిందూపురంలోని ఆ ఇంట్లో ముందుగదికి రెండు బల్లలు. కిటికీ కింద ఉన్నది ఆమెది. కుట్టుమిషను, కత్తెర్లు, గుండీల డబ్బా, సగం కుట్టిన జాకెట్లు... ఎప్పుడూ నిండుగా ఉంటుంది. గోడవైపు ఉన్నది ఆయనది. రిటైరై ఇంటికొచ్చాక పదేళ్లకు పైగా ఆ బల్లమీద దినపత్రిక, కళ్లద్దాలు, బీపీ మాత్రలు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

అలాంటి బల్లమీదికి 2021 చివర్లో ఒక్కొక్కటిగా వింత సామాను చేరింది. ఖాళీ కూల్‌డ్రింకు డబ్బాలు, వెదురు బద్దలు, అయిపోయిన బాల్‌పెన్ను రీఫిళ్లు, పాత బ్రేకు తీగలు. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు, పాతసామాన్ల వ్యాపారం ఏమైనా పెడుతున్నారా అని అడిగారు. ఆమెకూ అర్థం కాలేదు.

"హెలికాప్టర్ చేస్తాండా" అన్నారాయన.

"ముప్పై ఏండ్లు చేసింది చాల్లేదా?" అంది ఆమె.

నిజంగానే చాల్లేదు. ఆ సంగతి ఆయనకు తెలిసొచ్చింది మనవడు అడిగిన ఒక్క ప్రశ్నతో.

ఆ ఏడాది నవంబరు వానలకు చిత్రావతి పొంగి పారింది. 19వ తేదీన చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర ఏటి నడుమ పదిమంది చిక్కుకుపోయారు. కారులో ఉన్నవాళ్లను కాపాడదామని జేసీబీతో వెళ్లినవాళ్లు కూడా అక్కడే ఆగిపోయారు. చివరికి వైమానిక దళం హెలికాప్టర్ వచ్చి పదిమందినీ ఒడ్డుకు చేర్చింది. జిల్లా అంతా టీవీల ముందు కూర్చుని చూసింది. పెనుకొండలో ఉండే తొమ్మిదేళ్ల మనవడు వెంటనే ఫోన్ చేశాడు.

"తాతా, టీవీలో చూసినావా? ఆ హెలికాప్టర్ నువ్వు చేసిందేనా?"

"కాదురా. అది ఎంఐ-17. రష్యావాళ్లది. మేం చేసింది చేతక్. ఇంతకంటే చిన్నది."

"దాంట్లో నువ్వేం చేసినావు?"

"తోక."

అవతల కాసేపు మాట లేదు.

"తోకొక్కటేనా?"

పిల్లవాడు ఎగతాళికి అన్న మాట కాదది. కానీ ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు.

1976లో బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో హెలికాప్టర్లు కట్టేచోట చేరిన మనిషి ఆయన. సోమవారం తెల్లవారక ముందే రైలెక్కడం, శనివారం రాత్రికి ఇల్లు చేరడం. ఆమె పిల్లలతో, కుట్టుమిషనుతో హిందూపురంలోనే ఉండిపోయింది. ఫ్యాక్టరీలోకి బయటివాళ్లను రానివ్వరు. కాబట్టి భర్త అక్కడ ఏం చేస్తాడో ఆమె ఎప్పుడూ చూడలేదు. "మీ ఆయన ఏం చేస్తాడు?" అని ఎవరైనా అడిగితే "హెలికాప్టర్లు చేస్తాడు" అనేది. ఆయన కూడా అదే చెప్పుకునేవారు.

అసలు పని వేరు. తోక భాగానికి అల్యూమినియం రేకు బిగించి రివెట్లు కొట్టడం. రివెట్ కొట్టడం ఒక్కడి వల్ల అయ్యేది కాదు. బయటినుంచి ఒకరు గన్ను పట్టి కొడుతుంటే, రేకుకు అవతల ఇంకొకరు ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవాలి. కొట్టే చెయ్యి, ఆపే చెయ్యి ఒకే లయలో ఉంటేనే రివెట్ తల సరిగ్గా కూర్చుంటుంది. అలా వేలకొద్దీ రివెట్లు కొట్టారు. ఒక తోక అయ్యాక ఇంకో తోక. ముందు అద్దాల గది వేరేవాళ్లది, ఇంజను వేరేవాళ్లది, రెక్కలు వేరేవాళ్లవి. అన్నీ కలిసి హెలికాప్టరై ఎగిరిపోయేటప్పుడు తలెత్తి చూడటమే ఆయన వంతు. మొత్తం హెలికాప్టర్‌ను ఒక్కసారైనా మొదటినుంచి చివరిదాకా తన చేత్తో చేయలేదు.

డెబ్బై ఏళ్లు దాటాక ఆ ముచ్చట తీర్చుకోవాలనిపించింది. ఎగిరేది కాకపోయినా, కొలత తప్పనిది.

చేతక్ చిన్నదే కానీ దాని కథ చిన్నది కాదు. అది పుట్టింది ఫ్రాన్స్‌లో. అలూయెట్-3 అనే పేరుతో 1959 ఫిబ్రవరిలో మొదటిసారి గాల్లోకి లేచింది. మరుసటి ఏడాది హిమాలయాల్లో 6,004 మీటర్ల ఎత్తున దిగి, మళ్లీ పైకి లేచి చూపించింది. కొండల సరిహద్దులున్న మన దేశానికి ఇంతకంటే ఏం కావాలి? 1962లో వైమానిక దళంలోకి వచ్చింది. ఇక్కడే తయారుచేసుకునేందుకు హెచ్‌ఏఎల్ ఒప్పందం చేసుకుని 1965లో మొదటిదాన్ని ఎగరేసింది. రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టుకున్న ఈ యంత్రాలు మూడు వందలకు పైగానే బెంగళూరులో తయారయ్యాయి.

"యుద్ధం చేసిందా తాతా?" అని మనవడు అడిగితే ఆయన 1971 కథ చెప్పారు. మామూలుగా దాని పని గాయపడ్డవాళ్లను మోసుకురావడం, కొండలమీది శిబిరాలకు సరుకులు చేర్చడం. కానీ బంగ్లాదేశ్ యుద్ధంలో మన దేశం ఇచ్చిన ఒక అలూయెట్‌కు రాకెట్లు బిగించి, బెంగాలీ పైలట్లు డిసెంబరు 3 రాత్రి నారాయణ్‌గంజ్ చమురు డిపోమీద దాడి చేశారు. పిల్లవాడికి ఆ కథ బాగా నచ్చింది. తాతకు మాత్రం గాయపడ్డవాళ్లను మోసిన కథే ఎక్కువ ఇష్టం.

పని మొదలుపెట్టాలంటే ముందు కొలత కావాలి. బొమ్మలు చేసేవాళ్లు ప్రపంచమంతా వాడే కొలతల్లో 72వ వంతు ఒకటి. ఆరడుగుల మనిషి అంగుళం ఎత్తుకు వస్తాడు. 1936లో ఇంగ్లండులో అమ్మకానికొచ్చిన కిట్లతో ఆ లెక్క స్థిరపడింది. ఆ లెక్కన చేతక్ రెక్కల వెడల్పు జానెడు కూడా రాదు. వణికే వేళ్లకు, శుక్లాలు తీయించుకున్న కళ్లకు అది కుదిరే పని కాదు. ఎంత పెద్దది చేయాలో తేలక ఆయన ధర్మవరం రైలెక్కారు.

ధర్మవరం ఆమె పుట్టిల్లు. బావమరిది పట్టుచీరల డిజైనర్. అంచుల బొమ్మలు, కొంగు బొమ్మలు గ్రాఫు కాగితంమీద గడిగడికీ రంగు నింపుతూ గీస్తాడు. ఆ గడుల ప్రకారమే అట్టలకు చిల్లులు పడతాయి. ఆ అట్టలు జాకార్డులో తిరుగుతుంటే మగ్గంమీద హంసలు, మామిడిపిందెలు తేలతాయి. పెద్దదాన్ని చిన్నది చేయడం, చిన్నదాన్ని పెద్దది చేయడం అతనికి పుట్టుకతో వచ్చినట్టుంటుంది.

పెనుకొండ అల్లుడు ఇంటర్నెట్‌లో వెతికి తీసిచ్చిన చేతక్ బొమ్మలు ముందర పరిచారు. ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి. బావమరిది చాలాసేపు చూశాడు.

"ఇరవయ్యో వంతు పెట్టుకో బావా. మీటరుకు అయిదు సెంటీమీటర్లు. గ్రాఫులో చిన్నగడి ఒకటి దాటితే నీ హెలికాప్టర్‌లో రెండు సెంటీమీటర్లు దాటినట్టు. నోటిలెక్కకు వస్తుంది."

లెక్క అలా తేలింది. అసలు చేతక్ ఒళ్లు పది మీటర్లు. లేపాక్షి బసవన్న పొడవు 27 అడుగులు. ఆ బసవన్నకంటే చేతక్ ఇంకో ఆరడుగులు పొడవన్నమాట. ఎత్తులో మాత్రం బసవన్నే పెద్ద. ఇప్పుడది యాభై సెంటీమీటర్లకు దిగింది. పైన తిరిగే రెక్కల వెడల్పు పదకొండు మీటర్ల నుంచి యాభై అయిదు సెంటీమీటర్లకు వచ్చింది. ఎత్తు పదిహేను సెంటీమీటర్లు. బల్లమీద సరిగ్గా పడుతుంది.

తిరిగొచ్చేటప్పుడు బావమరిది ఒక కట్ట చేతిలో పెట్టాడు. ఎప్పుడో నేత ఆగిపోయిన డిజైన్ల జాకార్డు అట్టలు. "గట్టివి. వంగవు. ఏ చీరవో ఇప్పుడు నాకూ గుర్తులేదు" అన్నాడు. గడప దాటుతుంటే ఇంకో మాట కూడా అన్నాడు. "నేనూ అంతే బావా. నలభై ఏండ్లుగా అంచులు గీస్తాండా. ఒక్క చీరా నేయలేదు."

ఆ అట్టలే చేతక్‌కు ఎముకలయ్యాయి. గుండ్రంగా, పెద్దవాటినుంచి చిన్నవాటిదాకా కత్తిరించి వెదురుపుల్లకు వరసగా గుచ్చితే తోక ఆకారం వచ్చింది. నడుమ భాగం అసలుదాంట్లో ఉక్కు గొట్టాల చట్రం. ఇక్కడ దానికి బ్రేకు తీగలు సరిపోయాయి. చేతక్ ఇంజనుకు మూత ఉండదు. రెక్కల వెనక బయటికే కనిపిస్తుంటుంది. అందుకే దాన్ని దాచడానికి వీల్లేదు. రీఫిళ్లు ముక్కలు చేసి గొట్టాలుగా అతికించారు. ఆమె గుండీల డబ్బాలోంచి మూడు కోటు గుండీలు మాయమై చక్రాలయ్యాయి. "అడిగి తీసుకుంటే ఏం పోతుంది?" అని ఆమె రెండ్రోజులు సణిగింది.

ముందు అద్దాల గదే చాలా ఏడిపించింది. చేతక్ ముఖమంతా అద్దమే. చెక్కతో అచ్చు చెక్కి, దానికి కూల్‌డ్రింకు సీసా తొడిగి, స్టవ్ సెగ చూపిస్తే ప్లాస్టిక్ ముడుచుకుని అచ్చుకు అతుక్కుంటుంది. మొదటి సీసా నల్లబడింది. రెండోదానికి చిల్లు పడింది. అయిదో సీసాకు గానీ గాజులాంటి ముఖం రాలేదు. ఆ నాలుగు రోజులూ ఇల్లంతా ప్లాస్టిక్ కాలిన వాసనే.

సంక్రాంతికి పెనుకొండ వెళ్లినప్పుడు మనవడికి తోక సంగతి చెప్పాలనుకున్నారు. అల్లుడి ఇంట్లో గిర్రున తిరిగే కుర్చీ ఉంది. పిల్లవాణ్ని అందులో కూర్చోబెట్టి, కాళ్లు పైకి ఎత్తమని, చేతికి పుస్తకాల సంచి ఇచ్చారు. "సంచిని ఒక్కసారి కుడికి తిప్పు" అన్నారు. వాడు తిప్పాడు. కుర్చీ ఎడమకు తిరిగింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే.

"పైన రెక్కలు ఒకవైపు తిరిగితే, కింద ఒళ్లు రెండోవైపు తిరగాలని చూస్తుంది. దాన్ని తిరగనీకుండా పట్టుకునేదే తోక చివరున్న చిన్న ఫ్యాను."

"తోక లేకుంటే?"

"నీ కుర్చీ తిరిగినట్టు గిరగిరా తిరిగి కింద పడతాది."

పిల్లవాడు కుర్చీ దిగి తాతను కొత్తగా చూశాడు. అక్కడే ఉన్న అల్లుడు నవ్వాడు. ఎర్రమంచి దగ్గరి కియా కార్ల ఫ్యాక్టరీలో 2019 నుంచి పనిచేస్తున్నాడు. "నాదీ అదే మామా. డోర్లు. రోడ్డుమీద కారు పోతాంటే నేను డోరే చూస్తా."

రెక్కల దగ్గర తప్పు జరిగింది. మూడు రెక్కలూ వెదురు బద్దలతో చెక్కారు. వెదురైతే ఆగి ఉన్నప్పుడు చివర్లు కొంచెం కిందికి వాలతాయి, అసలువాటిలాగే. రెక్కకు ఒక అంచు మందంగా గుండ్రంగా, రెండో అంచు పలచగా ఉంటుంది. మందంగా ఉన్నది గాలిని చీల్చుకుంటూ ముందు పోవాలి. ఎటు ముందో చూసుకోవడానికి మనవడి ఆటబొమ్మను పక్కన పెట్టుకున్నారు. పది రోజులు గీకి, నునుపు చేసి, రంగు కూడా వేశారు.

బిగించాక ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో తెలియలేదు. సాయంత్రం కుర్చీని తోకవైపు వేసుకుని కూర్చున్నారు. ఫ్యాక్టరీలో ఆయన ఎప్పుడూ నిలబడిన వైపు అది. పరీక్షకు ఎగిరి దిగిన చేతక్ ఇంజను ఆపాక, రెక్కలు మెల్లమెల్లగా ఆగుతూ తోకమీదుగా పోవడం ఎన్నోసార్లు చూశారు. కళ్లు మూసుకుంటే ఆ నీడ కనిపించింది. కుడినుంచి ఎడమకు పోయేది. బొమ్మమీద రెక్కను అలాగే తిప్పి చూశారు. పలచటి అంచు ముందు పోతోంది!

మనవడి ఆటబొమ్మ అమెరికా హెలికాప్టర్‌ది. వాటి రెక్కలు పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతాయి. ఫ్రాన్స్‌వి, రష్యావి ముల్లు తిరిగినట్టే తిరుగుతాయి.

"ఎవరు చూస్తారు మామా, వదిలేయండి" అన్నాడు అల్లుడు ఫోన్లో. ధర్మవరం బావమరిది మాత్రం వేరేగా చెప్పాడు. "అట్టలో ఒక చిల్లు తప్పు పడితే చీర పొడవునా అదే తప్పు నడుస్తుంది బావా. కొనేవాళ్లు చూడకపోవచ్చు. నాకు కనిపిస్తానే ఉంటాది." ఆయన మూడు రెక్కలూ విప్పేసి, కొత్త బద్దలు తీసుకున్నారు.

ఏప్రిల్ వచ్చింది. చేతక్ సేవలకు అరవై ఏళ్లు నిండాయని 2022 ఏప్రిల్ 2న హైదరాబాద్ దగ్గర హకీంపేట వైమానిక స్థావరంలో సభ పెట్టారు. హెలికాప్టర్ పైలట్లు ఎందరో చేతక్‌మీద శిక్షణ పొందిన చోటు అది. రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ వచ్చారు. పేపర్లో ఆ వార్త చదివి ఆయన కత్తిరించి దాచుకున్నారు. ఆ మర్నాడే తోకకు రేకు తొడగడం మొదలుపెట్టారు.

కావాలనే తోకను చివరికి ఉంచుకున్నారు. తెలిసిన పని, కళ్లు మూసుకుని చేసే పని. కూల్‌డ్రింకు డబ్బాల రేకు కత్తిరించి, అట్టల చట్రంమీద చుట్టి అతికించాలి. అంతకుముందే ఆ రేకుమీద వెనకనుంచి సూదిమొనతో వరసగా నొక్కితే బయటికి చిన్నచిన్న బొడిపెలు తేలతాయి. అవే రివెట్లు.

మొదటి వరస వంకర పోయింది. రెండోది ఇంకా వంకర. రేకు పారేసి కొత్తది తీసుకున్నారు. సూది పట్టుకున్న చెయ్యి వణికింది. మిగతా పనుల్లో ఆ వణుకును ఎలాగో నడుపుకొచ్చారు. గీకడంలో, అతికించడంలో కాస్త అటూఇటూ అయినా సర్దుకోవచ్చు. రివెట్ల వరసలో సర్దుబాటు ఉండదు. ఒకటి పక్కకు పోతే అదే కనిపిస్తుంది. మూడోరోజు రేకులన్నీ ఒక సంచిలో వేసి బల్లకింద పెట్టేశారు. జీవితమంతా చేసింది ఆ ఒక్క పని. ఇప్పుడు అదే చేతకాలేదు.

వారం రోజులు బల్లవైపు వెళ్లలేదు. ఆమె ఏమీ అడగలేదు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం జాకెట్టు గుడ్డ పక్కన పెట్టి, సంచిలోంచి ఒక రేకు బయటికి తీసింది. గుడ్డమీద కొలతలు దించుకునే పళ్ల చక్రం ఆమె దగ్గర ఉంటుంది. పిడికి చిన్న చక్రం, దాని అంచున వరసగా పళ్లు. స్కేలు ఆనించి ఒక్కసారి లాగింది. రేకు తిప్పి చూస్తే బొడిపెలు సూటిగా, సమానమైన ఎడంతో, బారులు తీరి ఉన్నాయి.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూశారు. వేలితో తడిమారు.

"ఎడం ఇంకొంచెం తక్కువుండాల" అన్నారు.

"ఇంకా చిన్న పళ్ల చక్రం ఉంది" అంది ఆమె.

మర్నాటినుంచి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఆయన రెండు చేతులతో స్కేలు కదలకుండా అదిమి పట్టుకునేవారు. ఆమె చక్రం లాగేది. ఎక్కడ రెండు వరసలు రావాలో, ఎక్కడ ఒకటి చాలో, ఎక్కడ వరస ఆగాలో ఆయన చెప్పేవారు. ఆ లెక్క ఆయనకు ఏ కాగితమూ చూడకుండానే వచ్చేది. ఒకరోజు ఆమె చక్రం ఆపి అడిగింది.

"ఇన్నా? ఒక్కో తోకకు ఇన్ని కొట్టేవాళ్లా?"

"ఇంకా ఎక్కువ. ఇది ఇరవయ్యో వంతు కదా."

"చెప్పనేలేదు."

"ఏం చెప్పాల? రివెట్లు కొట్టినానని చెప్తే ఏం తెలుస్తాది?"

ఆమె మాట్లాడకుండా ఇంకో వరస లాగింది.

తోక పూర్తవడానికి రెండు నెలలు పట్టింది. తర్వాత ఆకుపచ్చ రంగు, పక్కన వైమానిక దళం గుర్తు. బయట కాషాయం, నడుమ తెలుపు, మధ్యలో ఆకుపచ్చ. గుండ్రంగా రావడానికి గాజులు పెట్టి గీశారు. ఈసారి అడిగే తీసుకున్నారు.

దసరాకు అందరూ హిందూపురం చేరారు. ధర్మవరం నుంచి బావమరిది కుటుంబం, పెనుకొండ నుంచి కూతురు, అల్లుడు, మనవడు. ఆయుధపూజ రోజు ఆమె ఎప్పటిలాగే కుట్టుమిషనుకు పసుపు కుంకుమ పెట్టి పూలదండ వేసింది. కత్తెర్లకు, పళ్ల చక్రానికి బొట్లు పెట్టింది. వాటి పక్కనే చేతక్. బావమరిది దాని కడుపులోకి తొంగిచూసి, లోపల నేలగా వేసిన అట్టలో వరసగా ఉన్న చిల్లులు గుర్తుపట్టాడు. అల్లుడు పక్క తలుపును వేలితో జరిపి చూశాడు. ఆ తలుపు నిజంగానే జరుగుతుంది. మనవడు తోకవైపు నిలబడి రెక్కను మెల్లగా తిప్పాడు. కుడినుంచి ఎడమకు.

"ఎగరదు కదా తాతా?"

"ఎగరదు."

"అయినా బాగుంది."

ఇప్పుడా చేతక్ ఆయన బల్లమీద లేదు. కిటికీ కింద, కుట్టుమిషను పక్కన, దుమ్ము పడకుండా ఒక గాజుపెట్టెలో ఉంది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కొలతలు ఇస్తూ దానివైపు చూస్తారు. ఎవరు చేశారని అడుగుతారు. ఆమె టేపు మెడలో వేసుకుని, పెట్టె దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తుంది.

"ఆయనే చేసినాడు. తోక మాత్రం ఇద్దరం."